30 అడుగుల పాత ఫైబర్ బోటు: అమరం (వెనక కొస) బల్ల, కింది దూలాలు కుళ్లాయి. ఎక్కడ మొదలెట్టాలి?

రేవు_గంజాం:

అందరికీ నమస్కారం. బోటు 30 అడుగులది, చేత్తో గాజుపీచు మ్యాట్ పరిచి రెసిన్ జిగురుతో కట్టింది, పదిహేనేళ్లు దాటాయి. ఇంజను 9.9 హెచ్‌పీ ఓబీఎం (అమరం బల్లకి బయట తగిలించేది), లాంగ్ షాఫ్ట్. ఒడిశాలో ఋషికుల్య నది మొగకి దగ్గర ఒడ్డు కాబట్టి తాబేళ్ల కోసం పెట్టే వేట నిషేధంలో, అంటే నవంబరు 1 నుంచి మే 31 దాకా, ఎక్కువగా ఇసక మీదే ఉంటుంది.

ఇంజను కింది కాలు పట్టుకుని పైకీ కిందికీ ఊపితే అమరం బల్ల పై అంచు వేలు మందాన కదులుతోంది. ఇంజను బోల్టు బిగిస్తే పక్కనుంచి కాఫీ రంగు నీళ్లు కారుతున్నాయి. లోపల అడుగున పొడవునా సాగే కుడివైపు దూలం మీద కాలేస్తే మెత్తగా దిగుతోంది. ఎడమది గట్టిగానే ఉన్నట్టుంది.

ఒడ్డున కొందరు "వరసగా బెజ్జాలు వేసి రెసిన్ పోసెయ్, లోపలే గట్టిపడుతుంది" అంటున్నారు. అది నిలుస్తుందా? లేక బల్ల కోసి తీయాల్సిందేనా? కోస్తే లోపలి నుంచా, బయటి నుంచా? ప్లైవుడ్ ఏది, రెసిన్ ఎన్ని కిలోలు? తాబేళ్లది కాక ఉండే మామూలు వేట నిషేధం జూన్ 14తో అయిపోతుంది, ఆలోపు పని తేలాలి.

మ్యాట్_రోలర్:

వేలు మందాన కదలిక, పైగా కాఫీ నీళ్లు. బల్ల లోపల ప్లై పోయినట్టే. ఎంతమేర పోయిందన్నదే ఇక తేలాలి.

స్క్రూడ్రైవర్ పిడితో నాలుగేసి అంగుళాలకి ఒక దెబ్బ చొప్పున బల్లంతా కొట్టుకుంటూ రండి. బాగున్న చోట ఖణేల్‌మంటుంది, పోయినచోట బొద్దుగా మోగుతుంది. ఆ చోట్లకి సుద్దముక్కతో గీత గీయండి. తర్వాత 5 మి.మీ. బిట్టుకి బల్ల మందంలో ముప్పావు దగ్గర టేపు చుట్టి, లోపలివైపు నుంచే బెజ్జాలు వేయండి. టేపు దాటి దిగొద్దు, బయటి ఫైబర్ పొర తెగితే ఇంకో చిల్లు పూడ్చే పని మీద పడుతుంది. బిట్టుకి వచ్చే పొట్టు చూడండి. లేత రంగులో, పొడిగా, సుళ్లు తిరిగి వస్తే చెక్క బతికే ఉంది. ముదురు గోధుమరంగు ముద్దలా బిట్టుకి అంటుకుని పుట్టగొడుగు వాసన కొడితే పోయింది. నీరు ప్లై పొరల వెంట పక్కకి పాకుతుంది కాబట్టి గీతకి 15 సెం.మీ. అవతల కూడా ఒక బెజ్జం వేసి చూసి గానీ హద్దు ఖాయం చేయకండి.

ఇక్కడ చాలామంది పొరపడే సంగతి ఒకటుంది. కుళ్లబెట్టేది సముద్రపు నీరు కాదు, వాన నీరు. ఉప్పు పట్టిన చెక్కలో కుళ్లు బూజు సరిగా బతకలేదు. మంచినీరైతే చెక్కలో తేమ 20 శాతం దాటగానే ప్రమాదం మొదలు, 30 దగ్గరికి వస్తే దానికి పండగే. వేటకి తిరిగే బోటు కన్నా ఏడు నెలలు ఇసక మీద అమరం పల్లంగా కూర్చున్న బోటు ముందు కుళ్లేది ఇందుకే. నవంబరు తుపాను వాన లోపల నిలిచి, ఇంజను బోల్టు బెజ్జాల్లోంచి బల్లలోకి దిగుతుంది. మళ్లీ ఎండేదాకా దానికి బయటికి దారి ఉండదు.

బెజ్జాల్లో రెసిన్ పోయడం వద్దు. తడి చెక్క గొట్టాలన్నీ నీళ్లతో నిండి ఉంటాయి, రెసిన్ వాటిలోకి పోదు. వేసిన బెజ్జాలూ, పక్కనున్న డొల్లలూ నిండి నాలుగు రెసిన్ పుల్లలు తయారవుతాయి, చుట్టూ మెత్తటి చెక్క అలాగే ఉంటుంది. పైగా తడిని లోపలే బిరడా కొట్టి మూసినట్టవుతుంది. అరచేయంత చోట, పూర్తిగా ఎండిన చెక్క అయితే వేరే మాట. మీది ఆ దశ దాటింది.

కోత పెట్టేముందు బోటు కూర్చోబెట్టడం చూడండి. కీలు (బోటు అడుగున నడిమి వెన్ను) కింద నాలుగు చోట్ల దుంగలు, రెండు పక్కలా ఇసక బస్తాలు. అణియం (ముందు కొస) నుంచి అమరం దాకా దారం బిగించి, మూడు చోట్ల దారానికీ అడుగుకీ మధ్య దూరం కొలిచి బోటు గోడ మీదే రాసుకోండి. ఇసక రాత్రికి రాత్రే జారుతుంది, రోజూ పొద్దున్న ఆ కొలత మళ్లీ సరిచూసుకోవాలి. దూలాలు తీసేశాక బోటు అడుగు అర అంగుళం కుంగినా, ఆ వంపు మీదే కొత్త దూలం గట్టిపడిపోతుంది. తర్వాత సరిచేసే దారి లేదు. బల్లా, రెండు దూలాలూ ఒకేసారి విప్పకండి. ముందు బల్ల, అది గట్టిపడ్డాక కుడి దూలం, ఆ తర్వాతే ఎడమది.

బరంపురం_ప్లై:

సామాను సంగతి నేను చెబుతా.

ప్లై మీద ఐఎస్ 710 ముద్ర ఉండాలి, అంటే మెరైన్ ప్లై. ఐఎస్ 303 బీడబ్ల్యూఆర్ అనేది వంటగది అల్మరాలకి సరిపోతుంది, అమరానికి కాదు. 710లో జిగురుని 72 గంటలు ఉడకబెట్టి పరీక్షిస్తారు. అలాగని మెరైన్ ప్లై ఇక కుళ్లదనుకోకండి. పొరలు విడిపోవు, మందు పట్టించి ఉంటుంది, అంతే. ఏళ్ల తరబడి తడిలో నానితే అదీ పోతుంది. షీటు కొనేటప్పుడు నాలుగు అంచులూ చూడండి. మధ్య పొరల్లో బ్లేడు దూరేంత సందు కనిపిస్తే ఆ షీటు వదిలేయండి. ఆ సందే రేపు నీటికి కాలువ.

మీ బల్లలో ఇంజను కూర్చునే భాగం సుమారు 120 సెం.మీ. వెడల్పు, 60 ఎత్తు అనుకుంటున్నా. 18 లేదా 19 మి.మీ. ప్లై రెండు పొరలు అతికిస్తే 36–38 మి.మీ. వస్తుంది. పాత మందం ముందు కొలవండి, ఇంజను క్లాంపు దానికే అలవాటుపడి ఉంటుంది. బల్ల బయటికి కొంచెం వంపు తిరిగి ఉంటే 18వి రెండు బదులు 9 మి.మీ.వి నాలుగు వాడండి, వంపుకి బాగా లొంగుతాయి. 18 మి.మీ. 8×4 షీటులో సగం బల్లకి పోతుంది, మిగతా సగం దూలాలకి వాడుకోవచ్చు.

ఫర్నిచర్ షాపుల్లో దొరికే పీవీసీ ఫోమ్ బోర్డు, డబ్ల్యూపీసీ (చెక్కపొడి, ప్లాస్టిక్ కలిపిన) బోర్డు "కుళ్లవు కదా" అని పెట్టేవాళ్లున్నారు. కుళ్లవు నిజమే, కానీ ఇంజను క్లాంపు కింద నలిగిపోతాయి. వద్దు.

రెసిన్ లెక్క ఇదిగో. బల్ల లోపలి పొరకి 450 జీఎస్‌ఎం (చదరపు మీటరుకి గ్రాములు) మ్యాట్, 610 వోవెన్ రోవింగ్ (నేసిన గాజుపీచు గుడ్డ), మ్యాట్, రోవింగ్, మ్యాట్, మొత్తం అయిదు. గట్టిపడ్డాక నాలుగున్నర మి.మీ. దాకా వస్తుంది. మ్యాట్ తన బరువుకి రెండున్నర రెట్లకి కాస్త తక్కువ రెసిన్ తాగుతుంది, రోవింగ్ తన బరువంతే. చదరపు మీటరుకి నాలుగున్నర కిలోలు అనుకోండి. పక్కలకీ అడుక్కీ ఎక్కే అంచులతో కలిపి బల్ల 1.1 చ.మీ., అంటే 5 కిలోలు. దూలం ఒక్కోటి 4 మీటర్లు, చుట్టే వెడల్పు అర మీటరు అనుకుంటే రెండూ కలిపి 4 చ.మీ. వాటికి మ్యాట్, రోవింగ్, మ్యాట్, రోవింగ్ చాలు, 13–14 కిలోలు. అతికించే పుట్టీకి 5. తరుగుతో కలిపి 28 కిలోలు తెచ్చుకోండి. మ్యాట్ 6 కిలోలు, రోవింగ్ 7 కిలోలు. రెసిన్ ఐసో తీసుకోండి, మామూలు రకం జీపీ తక్కువకి వస్తుంది గానీ (రెండూ పాలిస్టర్ రెసిన్లే) నీటికి తట్టుకోవడంలో ఐసోదే పైచేయి.

బరంపురంలో దొరకనిది విశాఖ నుంచో భువనేశ్వర్ నుంచో తెప్పించుకోవచ్చు, లారీ పార్సిల్‌లో. ఆ డబ్బాలు రైల్లో తేవద్దు, మండే సరుకు రైల్లో నిషేధం.

రేవు_గంజాం:

చాలా థాంక్స్ అన్నా. ఈరోజు బిట్టుతో చూశాను. బల్ల మధ్య భాగం మొత్తం నల్లముద్ద. కుడి దూలం అమరం నుంచి తొమ్మిది అడుగుల దాకా పోయింది. ఎడమది అమరం దగ్గర ఒకటిన్నర అడుగు మాత్రమే.

రెండు సందేహాలు. చెక్కకి ఎపాక్సీ బాగా పడుతుందంటారు కదా, ప్లై ఎపాక్సీతో అతికించి, పైన మ్యాట్ మాత్రం మామూలు రెసిన్‌తో వేస్తే ఖర్చు కలిసొస్తుందా? ఇంకోటి, కుడి దూలం పక్కన పెట్టెలో థర్మోకోల్ నింపి ఉంది, అది తీయాలా?

ఇచ్ఛాపురం_బోటుపని:

ఆ మేళవింపు మాత్రం వద్దు తమ్ముడూ. పాలిస్టర్ మీద ఎపాక్సీ పడుతుంది గానీ, ఎపాక్సీ మీద పాలిస్టర్‌ని నమ్మలేం. ఏదో ఒకటి ఎంచుకుని చివరిదాకా అదే వాడు. నన్నడిగితే ఇలాంటి అతుకు పనికి ఎపాక్సీయే నయం. కొత్త బోటు మోల్డులో కట్టేటప్పుడు పొరలన్నీ పచ్చిగా ఉండగానే ఒకదానికొకటి కలిసిపోతాయి. పాత ఫైబర్ ఎప్పుడో చచ్చి గట్టిపడిపోయింది, దాని మీద వేసేది జిగురులా అంటుకోవాలి. జిగురుగా ఎపాక్సీ ఎక్కువ బలం. కానీ ఎపాక్సీకి మామూలు చాప్డ్ మ్యాట్ వాడకూడదు. మ్యాట్‌లో పీచుని పట్టి ఉంచే బైండర్ పాలిస్టర్‌లోని స్టైరీన్‌కి కరుగుతుంది, ఎపాక్సీకి కరగదు. మ్యాట్ మెత్తబడక మూలల్లో లేచి నిలబడుతుంది, కింద గాలి ఉండిపోతుంది. ఎపాక్సీ అయితే కుట్టిన బైయాక్సియల్ గుడ్డే (రెండు దిక్కుల పీచున్నది) తెచ్చుకోవాలి. పైన జెల్‌కోట్ (రంగు కలిపిన పాలిస్టర్ పైపూత) బదులు పెయింటు. ఖర్చు రెండింతలు దాటుతుంది.

థర్మోకోల్ తీసేయాలి. పాలిస్టర్ రెసిన్ తగిలితే కర్పూరంలా కరిగిపోతుంది. పైగా పాతది నీళ్లు పట్టి ఉంటే ఘనపుటడుగుకి 28 కిలోల దాకా బరువు మోస్తున్నావన్నమాట. తీసి, పెట్టె ఎండబెట్టి, అన్నీ అయ్యాక మూతపెట్టిన ఖాళీ ప్లాస్టిక్ డబ్బాలు పెట్టుకో. రేపు తీసి చూసుకోవడానికీ వీలు.

మ్యాట్_రోలర్:

ఎపాక్సీ మంచిదే, కాదనను. కానీ ఇసక మీద, పందిరి కింద, ఉప్పుగాలిలో పని. తేమకి ఎపాక్సీ పైన మైనంలాంటి జిడ్డు కడుతుంది, ప్రతి పొర మధ్యా నీళ్లతో కడిగి గీకాలి. పాళ్లు గ్రాముల లెక్కన తూచాలి. అలవాటు లేని చేతికి ఐసో పాలిస్టరే సులువు, పాత ఫైబర్‌ని నిజాయితీగా గీకితే ఈ సైజు బోటుకి చాలు. అతుకు ఊడిన పనుల్లో ఎక్కువ శాతం తప్పు రెసిన్‌ది కాదు, గీకడంలో బద్ధకానిది.

పని లోపలి నుంచే. బయటి పొర కదపకపోతే బోటు ఆకారం అదే నిలుపుతుంది. నాలుగంగుళాల గ్రైండరుకి డైమండ్ బ్లేడు వేసి, లోపలి పొర మాత్రమే తెగేలా చుట్టూ కోయండి. పక్క గోడల దగ్గరా అడుగు దగ్గరా 5 సెం.మీ. పాత పొర అంచు వదలండి, కొత్తది దాని మీదే ఎక్కాలి. కుళ్లిన ప్లై చేత్తోనే వస్తుంది. బాగున్న ముక్కలే ఉలికీ సుత్తికీ లొంగక విసిగిస్తాయి, అక్కడ ఓపిక పట్టండి. బయటి పొర 4–5 మి.మీ.కి మించదు, ఉలి జారితే అవతల తేలుతుంది.

మొత్తం తీశాక మంచినీళ్లతో కడిగి ఉప్పు వదలగొట్టి, పందిరి కింద నాలుగైదు రోజులు ఆరనివ్వండి. ఆరిందో లేదో చూడాలంటే అడుగు పొడవున్న పలుచటి పాలిథిన్ ముక్క నాలుగు పక్కలా టేపుతో అంటించి రాత్రంతా వదిలేయండి. పొద్దున్న లోపల చెమ్మ కనిపిస్తే ఇంకా ఆరలేదు. తర్వాత ముందు ఎసిటోన్‌తో తుడిచి, ఆపైన 36 నంబరు డిస్కుతో గీకాలి. వరస తిప్పితే పాత జిడ్డూ డీజిలూ గీతల్లోకి దిగిపోతాయి. మెరుపు ఎక్కడా మిగలకూడదు. పాత పొర అంచుని మందానికి 12 రెట్లు ఏటవాలుగా గీకండి, 4 మి.మీ. పొరైతే 5 సెం.మీ. ఏటవాలు. ఫైబర్ దుమ్ముకి నిండు చేతుల చొక్కా, మంచి మాస్కు, కళ్లద్దాలు తప్పనిసరి. అయ్యాక చన్నీళ్లతోనే స్నానం. వేడినీళ్లకి దురద ఇంకా పెరుగుతుంది.

ఇచ్ఛాపురం_బోటుపని:

సరే, పాలిస్టర్‌తోనే కానీ. ప్లై కూర్చోబెట్టే ఘట్టం మటుకు వివరంగా చెబుతాను, ఎక్కువ పనులు అక్కడే చెడతాయి.

పాత బల్ల ముక్కలు నేలమీద పేర్చి అట్టతో అచ్చు తీసుకో. ప్లై అచ్చు కన్నా చుట్టూ 5 మి.మీ. తక్కువ కోయాలి. గోడకి నేరుగా తగిలితే అక్కడే ఒత్తిడి పడి బయటి పొర చిట్లుతుంది, ఆ సందు పుట్టీతో నిండాలి. ప్లైకి 15 సెం.మీ. ఎడంలో 6 మి.మీ. బెజ్జాలు వెయ్యి. రెండు ముఖాలకీ, ముఖ్యంగా అంచులకీ, పలుచగా ఒక కోటు రెసిన్ పట్టించు. అంచులు స్పాంజిలా తాగుతాయి, రెండోసారి కూడా పట్టించు.

పుట్టీ అంటే రెసిన్‌లో ఏరోసిల్ (చిక్కబరిచే తెల్లపొడి), ఒక పిడికెడు తరిగిన ఫైబర్ పీచు. గారెల పిండిలా ఉండాలి. గరిట బోర్లించినా జారకూడదు, నొక్కితే మాత్రం పరుచుకోవాలి. బయటి పొర లోపలి ముఖానికి ముందు ఒక తడి మ్యాట్ పరిచి, దానిమీద అంచుకి గంట్లున్న కరణితో పుట్టీ పెట్టి, మొదటి ప్లై నొక్కు. ఆ బెజ్జాల్లోంచి పుట్టీ పురుగుల్లా బయటికి రావాలి. ఏ బెజ్జంలోంచి రాకపోతే ఆ వెనక గాలి ఉన్నట్టే, తీసి మళ్లీ పెట్టు. పట్టు కోసం పాత ఇంజను బోల్టు బెజ్జాల్లోంచి మర కడ్డీలు దూర్చి, బయట పాలిథిన్ చుట్టిన దుంగ పెట్టి బిగించు. బలమంతా పెట్టి బిగిస్తే పుట్టీ అంతా బయటికి పోయి లోపల ఎండు అతుకు మిగులుతుంది. అంచుల్లోంచి పుట్టీ సమంగా ఉబికిందా, అంతటితో ఆపు. రెండో ప్లై కూడా ఇలాగే.

బల్ల అడుగూ పక్కలూ కలిసే మూలల్లో అదే పుట్టీతో 25 మి.మీ. గుండ్రం దిద్దాలి. రోవింగ్ లంబకోణంలో వంగదు, మూలలో గాలి గూడు కట్టి ముందు అక్కడే చిట్లుతుంది. మ్యాట్ పొరలు వేసేటప్పుడు ఒక్కోటి కిందిదానికన్నా 3 సెం.మీ. దాటి వెళ్లాలి, అన్ని అంచులూ ఒకే గీత మీద ఆగకూడదు. ఒక దఫాలో మూడు పొరలకి మించకు, వేడెక్కి పొగలొస్తుంది, పొర ముడుచుకుపోతుంది. తర్వాతి దఫా 24 గంటల్లోపు. దాటితే మళ్లీ గీకాల్సిందే. చివరి కోటు రెసిన్‌లో మైనం ద్రావణం కలపకపోతే పై ముఖం జిగటగానే ఉండిపోతుంది, గాలి తగిలే చోట పాలిస్టర్ పూర్తిగా ఆరదు.

బరంపురం_ప్లై:

క్యాటలిస్ట్ గురించి ఎవరూ హెచ్చరించలేదు, నేను చెబుతా. రెసిన్ గట్టిపడేందుకు వేసే కోబాల్ట్ యాక్సిలరేటర్, ఎంఈకేపీ క్యాటలిస్ట్ రెండూ నేరుగా ఎప్పుడూ కలపకూడదు. పేలుతుంది, ఇది మాటవరసకి చెబుతున్నది కాదు. కోబాల్ట్ ముందుగా రెసిన్ మొత్తంలో బాగా కలిపేసి డబ్బా పక్కన పెట్టండి, వాడేటప్పుడు మాత్రమే క్యాటలిస్ట్. రెండింటికీ ఒకే కొలత గ్లాసు వాడొద్దు. కోబాల్ట్ కలిపే అమ్మిన రెసిన్ అయితే మళ్లీ వేయొద్దు, కొట్టువాడిని అడిగి కొనండి.

మే ఎండలో కిలోకి 10 గ్రాముల క్యాటలిస్ట్ చాలు. తొందరగా గడ్డకడుతోందని ఇంకా తగ్గించకండి, లోపల ఉడకకుండా మిగిలిపోతుంది. అందుకు బదులు కిలోకి మించి ఒకేసారి కలపకండి, వెడల్పు పళ్లెంలో పోసుకోండి. లోతు బకెట్లో ఉంటే దాని వేడికి అదే ఉడికిపోతుంది. తెల్లవారగట్ల చెమ్మ పడుతుంది, ప్లై మీద అది ఆరాక ఎనిమిది నుంచి పదిన్నర, మళ్లీ సాయంత్రం నాలుగు దాటాక పని చేయండి. కంట్లో ఎంఈకేపీ చుక్క పడితే ఆగకుండా పావుగంట నీళ్లతో కడిగి ఆసుపత్రికి పరిగెత్తాలి, చూపు పోతుంది. నీళ్ల బిందె పక్కనే ఉంచుకోండి.

రేవు_గంజాం:

దూలాలకి కూడా ఇదే పద్ధతా? ఎడమదాన్ని అడుగున్నర కోసి అతుకు వేస్తే చాలా, మొత్తం మార్చాలా?

మ్యాట్_రోలర్:

ఎడమది మొత్తం అక్కర్లేదు. కుళ్లు ఆగినచోటు నుంచి ఇంకో 30 సెం.మీ. మంచి చెక్కలోకి వెళ్లి కోయండి. కోత అడ్డంగా కాదు, దూలం మందానికి 8 రెట్లు ఏటవాలుగా. 5 సెం.మీ. మందమైతే ఏటవాలు 40 సెం.మీ. కొత్త ముక్క అదే ఏటవాలుతో అతికించి, అతుకు రెండు వైపులా 30 సెం.మీ. దాకా అదనంగా ఒక రోవింగ్ చుట్టండి.

కుడిది మొత్తం తీసేయండి. కొత్త దూలం అడుగు ఫైబర్ మీద నేరుగా కూర్చోకూడదు. కింద 8–10 మి.మీ. పుట్టీ పరుపు ఉండాలి, లేకపోతే అల దెబ్బకి దూలం అంచు గీతలా అడుగు చిట్లుతుంది. పాత దూలం ఎత్తు, ఇంజను వైపు వాలు రాసిపెట్టుకోండి. ప్లై పట్టీలు రెండు మూడు అతికించి దూలం చేస్తున్నప్పుడు అతుకులన్నీ ఒకేచోట రాకుండా అడుగున్నర ఎడంగా మార్చండి.

అసలు కుళ్లు పుట్టింది నీళ్లు పారే బెజ్జాల దగ్గరే అయి ఉంటుంది. దూలంలో ఆ బెజ్జం కోసి పచ్చి చెక్క అలా వదిలేస్తారు. ఈసారి పెద్దగా కోసి, ఒక అంగుళం పీవీసీ పైపు ముక్క గరుకు చేసి, పుట్టీతో అందులో పెట్టి, రెండు చివర్లూ మ్యాట్‌తో మూయండి. పీవీసీకి రెసిన్ గట్టిగా పట్టదు, అందుకే చివర్లు మూయడం ముఖ్యం. బల్ల కింది నీళ్లు వదిలే బిరడా బెజ్జానికీ ఇదే పద్ధతి.

ఇంజను బోల్టులు 10 మి.మీ. అయితే 16తో బెజ్జం వేసి, పుట్టీతో పూర్తిగా నింపి, గట్టిపడ్డాక మధ్యలో 10తో మళ్లీ వేయండి. అప్పుడు బోల్టు చుట్టూ 3 మి.మీ. రెసిన్ గొట్టం ఉంటుంది, సీలెంటు పాడైనా నీరు చెక్కకి అందదు. బోల్టులు 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలువి, సీలెంటు పాలీయూరిథేన్. సిలికాన్ వాడితే తర్వాత దాని మీద ఏ రెసినూ, పెయింటూ పట్టదు. బల్ల పై అంచు కూడా మ్యాట్‌తో మూసేయండి. అల్యూమినియం పట్టీ పెట్టి మేకులు దిగ్గొడితే ఈ పనంతా మళ్లీ మొదటికే.

రోజుల లెక్క: కోత, గీకుడు మూడు రోజులు. ఆరడం ఐదు. బల్ల నాలుగు, దూలాలు చెరో మూడు. చివరి పొర వేశాక ఇంజను ఎక్కించడానికి కనీసం వారం ఆగాలి. మూడున్నర వారాలు. మే 15కి మొదలెడితే జూన్ 14కి నాలుగైదు రోజులు మిగులుతాయి, మధ్యలో వాన పడితే అవీ ఉండవు.

రేవు_గంజాం:

సోమవారం కోత మొదలు. ఇంజను దింపేశాను. కుడి దూలం కొలతలు గోడ మీద రాశాను. నీళ్లు పారే బెజ్జం మీరన్నచోటే ఉంది, వేలు పెడితే చెక్క మట్టిలా వస్తోంది.

ఇచ్ఛాపురం_బోటుపని:

మళ్లీ ఒడ్డున పెట్టేటప్పుడు అణియం కింద దుంగ పెట్టి ఎత్తు చెయ్యి, అమరం బిరడా తీసి ఉంచు. పైన టార్పాలిన్ కప్పితే పక్కలకి గాలి ఆడేలా వదులు. బిగించి కట్టేస్తే వాన రాకపోయినా లోపల చెమటే చాలు.

కోశాక బయటి పొర మందం కొలిచి ఇక్కడ రాయి. 4 మి.మీ. కన్నా తక్కువుంటే లోపల ఇంకో మ్యాట్, రోవింగ్ జత వేసిన తర్వాతే ప్లై పెట్టాలి.